జాబుల చదరంగము



చదరంగమనగానే ఎదురెదురుగా కూర్చున్న యిద్దఱు మనుష్యులును, వారి నడుమ నొక పలకయు, చుట్టును నిలిచి అడుగకయే సలహాలు చెప్పు నలుగురును మీ కన్నులకు గట్టుదురు. నేడు నేను చెప్పబోవు ఆట యట్టిది కాదు. ఇందు ఆటగాండ్రిద్దఱును ఒక యూరివారు కారు. ఒకరి మొగమొకరు చూడరు. ఒకరు తమ యెత్తును కార్డుమీద వ్రాసి తపాలాలో వేసి, దానికి ప్రత్యుత్తరము వచ్చువఱకు వారము పదిదినములు వేచియుందురు. దీనినే జాబుల చదరంగమందురు. ఇట్టి యాట నొకదానిని నేను 1984వ సంవత్సరమున మొదలిడి 1986లో ముగించితిని. అందు నేను వేసిన మొదటి యెత్తు నడిమిబంటు కాదు, ప్రక్కబంటు. ఆ ప్రక్కబంటు మూలమున మా యూర నొక అలజడి పుట్టినది. పిమ్మట నాకొక ధర్మసందేహము పుట్టినది. ఆ రెండును చెప్పుటకే యీ ప్రసంగము.

జాబులతో నాడుట నేటి వింత యని తలపవలదు. 1824లో లండను పట్టణమువారును ఎడింబరో పట్టణమువారును ఇట్లే పందెము మొదలిడి 1828 వఱకు ఆడిరి, ఎడింబరో గెలిచెను. అది సీమ మాట. మనవారును వెనుకబడలేదు. ఆ పందెము ముగియు కాలముననే చెన్నపట్టణమును హైదరాబాదును జాబులమీద రెండాటలు ఆడినవి. చెన్నపట్టణపు పక్షమున ఆట నడుపు భారము గులాం కాసిమను మన దేశస్థునిది. రెండాటలును చెన్నపట్టణమే గెలిచెను. 1829లో ఆయనయు, చెన్నపట్టణపు సివిలు ఉద్యోగియైన జేమ్సు కాక్రేనును కలిసి ఆ రెండాటలను చెన్నపట్టణముననే అచ్చొత్తించిరి. వానితోపాటు, గుఱ్ఱమును బలియిచ్చి శత్రురాజుమీదికి దుముకు నొక దాడిని గూర్చి విపులమైన విమర్శ వ్రాసిరి. ఆ దాడికి సోదరమైన యొక పద్ధతిని నేటికిని చదరంగపు పుస్తకములు గులాం కాసిం పేరనే పిలుచుచున్నవి. ఆనాడు రైలు లేదు, తంతి లేదు. చదరంగపు బంటు ఒక గడి కదలవలెనన్న తప్పాలు మోయు బంటు అడవులును ఏఱులును దాటి పరుగెత్తవలెను. నా యాటనాటి పదిహేను పైసల కార్డు వారికి లేకపోయెను. మన దేశమున కార్డు పుట్టినదే 1879లో. ఆనాటి వెల కాలణా.

ఇక నా యాట. నేను గిద్దలూరికి ఆవల, నల్లమల పాదమున నున్న యొక పల్లెలో బడిపంతులను. నా ప్రతిపక్షి మార్కాపురమున విశ్రాంతి దీసికొనుచున్న మా గురువుగారు. నాకు వ్యాకరణమును అలంకారశాస్త్రమును చెప్పినది ఆయనయే. తొమ్మిదవ శతాబ్దపు రుద్రటుని కావ్యాలంకారమున తురగపదబంధమను చిత్రకవిత్వ మొకటి గలదు. చదరంగపు గుఱ్ఱము దుముకు క్రమమున అక్షరములను చదివినను అదే శ్లోకము వచ్చును. వేదాంతదేశికులును పాదుకాసహస్రమున దీనిని సాధించిరి. ఆ పాఠము వచ్చిన నాడు మా గురువుగారు పుస్తకము మూసి, గుఱ్ఱపు నడక రానివానికి ఈ బంధము బోధపడదని చెప్పి, చదరంగమునే ముందు నేర్పిరి. అది ఆయన పద్ధతి.

మార్కాపురపు పలకలు మీలో అక్షరములు దిద్దిన వారందఱు ఎఱుగుదురు. అట్టి రాతిపలక, చట్రము లేనిది, మూరెడు వెడల్పుది, గురువుగారు నాకిచ్చిరి. దానిమీద మొలతో అఱువదినాలుగు గడులు గీయించిరి. కాయలకు మాఱుగా బలపముతో రా, మం, ఏ, గు, శ, బం అని వ్రాసికొనవలెను. నల్లకాయలకు చుట్టు సున్న చుట్టవలెను. ఎత్తు కదలినప్పుడు ఒకచోట తుడిచి మఱొకచోట వ్రాయవలెను. ఒకమాఱు బడిపిల్లవాడొకడు, అయ్యవారి పలక మాసినదని జాలిగొని, తడిగుడ్డతో శుభ్రముగా తుడిచిపెట్టినాడు. వానిని ఏమనగలను? వచ్చిన కార్డులన్నిటిని వరుసగా పెట్టుకొని ఆటను మొదటినుండి మఱల పలకమీదికి తెచ్చుకొంటిని. ముఖాముఖి యాటలో ఇట్టి సౌకర్యము లేదు.

కార్డుమీద ఎత్తును వ్రాయుటకు ప్రపంచమంతటను చెల్లు నొక సులువైన పద్ధతి గలదు. తెల్లకాయలవాని యెడమచేతివైపు నిలువు వరుస ఒకటవది, కుడిచేతివైపుది ఎనిమిదవది. అట్లే వానికి దగ్గఱి యడ్డువరుస ఒకటి. ఎదుటివానికి దగ్గఱిది ఎనిమిది. నిలువు సంఖ్య ముందును, అడ్డు సంఖ్య తరువాతను వ్రాసినచో ప్రతి గడికిని రెండంకెల పేరు వచ్చును. బయలుదేఱిన గడి పేరును, చేరిన గడి పేరును ప్రక్కప్రక్కన వ్రాసిన నాలుగంకెలతో ఎత్తు ముగిసినది. రుష్యావానికిని తెలుగువానికిని నడుమ దుబాసీతో పనిలేదు. 1951లో ఏర్పడిన అంతర్జాతీయ జాబుల చదరంగ సమాఖ్య పోటీలలో ఈ సంఖ్యలే వాడుకయైనవి. ఆ పోటీలలో ఆనాడు పది యెత్తులకు ముప్పది దినముల గడువుండెను. తపాలా ప్రయాణపు కాలము లెక్కకు రాకుండెను. మా గురువుగారు అంత ఔదార్యము చూపలేదు. కార్డు అందిన మూడు దినములలోపల ప్రత్యుత్తరము వేయవలెనని కట్టడిచేసిరి.

నా మొదటి కార్డు 3234. అనగా మంత్రివైపు శకటు ముందరి బంటు రెండు గడులు ముందుకు. వారి ప్రత్యుత్తరము 5755. రాజు ముందరి బంటు రెండు గడులు. ఆ కార్డులో ఆశీస్సులు రెండు పంక్తులు, ఈ నాలుగంకెలు, తేదీ. అంతకుమించి యేమియు లేదు.

అలజడి యిచ్చట మొదలైనది. ఆ దినములలో మా ప్రాంతమున మట్కా యను అంకెల జూదము పల్లెలకుకూడ ప్రాకియుండెను. కార్డు మూయని జాబు; ఎవరైన చదువవచ్చును. మార్కాపురమునుండి అయ్యవారికి ప్రతి పదిదినములకును నాలుగంకెలు వచ్చుచున్నవని యెవరో కనిపెట్టిరి. చివరి రెండంకెలు 55 మీద ఒకడు పది రూపాయలు ఒడ్డగా, కాకతాళీయముగా అది తగిలినదట! అంతట నా కార్డుకొఱకు నాకంటె ముందు నలుగురు వేచియుండ మొదలిడిరి. తరువాతి కార్డు 7866. అరువదియాఱు మీద ఊరిలో ఎంత సొమ్ము పోయినదో నేను లెక్కింపలేదు గాని, పోగొట్టుకొన్న వాడొకడు నేరుగా నా యింటికి వచ్చి, "ఏమయ్యవారూ, మీ ముసలాయన తప్పుడు నంబర్లు పంపిస్తుండాడే!" యని నిలదీసినాడు.

మీకు నవ్వు రావచ్చును. నాకు రాలేదు. బడిపంతులు జూదపు అంకెలు తెప్పించుచున్నాడన్న మాట పైయధికారుల చెవిని పడిన ఉద్యోగమునకే ముప్పు. గురువుగారి పేరు అందులో కలియుట అంతకంటె ఘోరము. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వపు తనిఖీదార్లు చదరంగపు జాబులు విదేశములకు పోనీయకుండ ఆపిరి. ఆ అంకెలలో గూఢచారుల సంకేతము లుండునని వారి భయము. అంతటి ప్రభుత్వమే అనుమానించినప్పుడు మా యూరివారిని తప్పుపట్టుట యేల? ఊరి పెద్దరెడ్డిగారు కబురంపిరి. నేను పలకయు, కార్డులకట్టయు చంకబెట్టుకొని రచ్చబండకు పోతిని.

రచ్చబండ రాతిమీద పులిజూదపు గీతలు చెక్కియుండుట మీరెఱుగుదురు. నాకు ఆ గీతలే అక్కఱకు వచ్చినవి. అంకెల పద్ధతి ముందు చెప్పి, కార్డులు చదువుచు ఎత్తులన్నియు పలకమీద వేసి చూపితిని. అనుమానము ఆ క్షణముననే తీఱినది. కాని పెద్దరెడ్డిగారు లేవలేదు. పలకవైపు చాలసేపు చూచి, "అంతా బాగుంది గానీ అయ్యవారూ, యుద్ధం నడిమధ్య జరిగేది గదా, నువ్వు ఆ మూల బంటును కదిపినావేంది? భయమా?" యని యడిగిరి.

ఇంతకంటె మంచి ప్రశ్నను నేను చదరంగపు పుస్తకములలో చూడలేదు. దానికి నేనిచ్చిన సమాధానమును మీకును చెప్పెదను.

పలక నడుమ నాలుగు గడులు గలవు: 44, 54, 45, 55. అచ్చట నిలిచిన కాయకు అన్ని దిక్కులకును చూపు సాగును. కావున ఆ నడుమను పట్టుకొన్నవాడు బలవంతుడు. ఇందు భేదాభిప్రాయము లేదు. అయితే పట్టుకొనుట రెండు విధములు. అక్కడికి పోయి కూర్చుండుట యొకటి. అక్కడ ఎవ్వరు కూర్చున్నను నిలువనీయకుండుట మఱొకటి. నా ప్రక్కబంటు 34వ గడిలో నిలిచి కోణముగా 45వ గడిని కాచుచున్నది. నా రెండవ యెత్తు 2133, మంత్రివైపు గుఱ్ఱము. అదియు 45 మీదనే కన్నువేసినది. మూడవ యెత్తు 7273. రాజువైపు గుఱ్ఱము ముందరి బంటు ఒక్క గడి. ఇది చూచుటకు పిఱికియెత్తు. కాని దాని వెనుక ఖాళీయైన 72వ గడిలోనికి శకటు వచ్చి కూర్చున్నచో, మూలనుండి మూలకు 63, 54, 45, 36, 27, 18 అను గడుల బాట యంతయు దాని చూపులో నుండును. ఆ బాట సరిగా నడుమనుండియే పోవుచున్నది. చెఱువు తూము కట్ట క్రింద ఒక ప్రక్కన నుండును. పాఱునది నడిమి మడికి. మన కంభము చెఱువు క్రింద సేద్యము చేసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కఱలేదు.

"మేకలు పులిని మూసినట్టు" అని ప్రక్కనున్న యొక వృద్ధుడనెను. సరిగా నదియే. పులిజూదమున మేకలు పులికి ఎదురు పోవు. చుట్టునుండి దారులు మూసికొనుచు వచ్చును.

ఈ పద్ధతికి పాశ్చాత్యులు చాలకాలము గౌరవమీయలేదు. 1843లో పారిసున సెయింట్ అమాంతో తలపడినప్పుడు ఇంగ్లండువాడైన స్టాంటన్ ఈ శకటుబంటు యెత్తును వాడెను. అందుచే దీనికి ఇంగ్లీషు ఆరంభమని పేరు. పిమ్మట అది మఱుగునబడెను. 1924లో న్యూయార్కున రేటీ యనువాడు ప్రక్కనుండి నడుమను ముట్టడించి, ఎనిమిదేండ్లుగా ఓటమి యెఱుగని జగజ్జేత కాపాబ్లాంకాను ఓడించిన పిదప గాని లోకము దీనిని లెక్కచేయలేదు. వారికిది క్రొత్త. మన దేశపు పాత యాటలో బంటు మొదటి యెత్తుననైనను ఒక్క గడియే కదలును గదా! నడుమకు దుముకు వీలులేనందున మనవారు ప్రక్కబంటును ఒక గడి నడిపి, దాని చాటున శకటును నిలిపి, మెల్లగా వచ్చెడివారు. గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దమున కలకత్తాలో మహేశచంద్ర బెనర్జీ యనువాడు జాన్ కాక్రేనను స్కాట్లండు న్యాయవాదితో ఆడిన యాటలలో ఈ నడకయే కనబడును. (ఈ కాక్రేను వేఱు, చెన్నపట్టణపు కాక్రేను వేఱు.) నేడు జగమంతయు ఆడు ఇండియను రక్షణలకు ఆ పేరు అట్లు వచ్చినదే. మా గురువుగారు దేశీయాట నేర్చినవారగుటచే, బంటు రెండు గడులు దూకుట ఆయనకు కడదాక కంటగింపే. అయినను ఈ యాటకు అంతర్జాతీయ నియమములే పెట్టుకొంటిమి.

జాబుల యాటకు ప్రక్కబంటు ఏల తగునో కూడ చెప్పవలెను. నడుమ తలపడిన యాట త్వరగా తెగును; ఒక్క పొరపాటుతో కూలును. ప్రక్కనుండి నడచినచో ఇరువైపులను సేనలు నిలిచియుండును, ఆలోచనకు చోటుండును. పదిదినముల కొక యెత్తు వచ్చునప్పుడు ఆ పదిదినములును నమలుకొనుటకు ఏదైన మిగిలియుండవలెను గదా.

ఆ సాయంకాలము మొదలు మా యూర మట్కా పోయినదని చెప్పను. కాని నా కార్డు వచ్చిన దినమున రచ్చబండమీద పలక పెట్టుట ఆచారమైనది. పెద్దరెడ్డిగారు నా పక్షము.

ఇక ధర్మసందేహము. మూడవ యెత్తునకు గురువుగారు 4745 వేసిరి. మంత్రి ముందరి బంటును నడుమకు త్రోసిరి. నేను 3445 అని దానిని కొట్టితిని. వారు 6645 అని గుఱ్ఱముతో నా బంటును కొట్టిరి. నేను 6172, శకటు బాటకెక్కినది. ఇప్పుడు 45వ గడిలోని వారి గుఱ్ఱమును నా గుఱ్ఱమొకటి, శకటొకటి చూచుచున్నవి. దానికి కాపు వారి మంత్రి యొక్కడే. ఇద్దఱు కొట్టువారు, ఒక్కడు కాచువాడు. ఆ గుఱ్ఱము తప్పుకొనవలెను. 26వ గడికి పోవుట మంచి దారి. అటుపిమ్మట రెండవ గుఱ్ఱమును 36వ గడికి తెచ్చుకొందురు. ఇది యందఱెఱిగిన క్రమము. నేనును ఎదురుచూచినది 4526.

వచ్చిన కార్డులో 2836 అని యున్నది.

తరువాత వేయవలసిన యెత్తును ముందు వ్రాసిరి. అక్షరములు కూడ పంక్తి తప్పి క్రిందికి జాఱియుండెను. గురువుగారికి కన్నులలో శుక్లములు ముదురుచున్నవని నాకు తెలియును. వైద్యుని యొద్దకు పొండని ఇంటివారు చెప్పిన వినరనియు తెలియును. నా గుఱ్ఱము 3345 అని కొట్టినచో వారి గుఱ్ఱము ఊరక పోవును. తిరిగి మంత్రితో కొట్టిరా, నా శకటు మంత్రినే తీసికొనును.

రచ్చబండ రెండు పక్షములయ్యెను. కొట్టవలసినదే యని పెద్దరెడ్డిగారు. గురువును కొట్టుటయా యని వృద్ధులు. మూడవ దారి యొకటి యొకడు చెప్పెను: చూడనట్లు వేఱొక యెత్తు వేయుమని. అది నాకు అన్నిటికంటె చెడ్డదిగా తోచెను. చదువు చెప్పినవానికి నాకు చదువురాదని అబద్ధమాడుట యగును. రెండు రాత్రులు ఆలోచించి యిట్లు వ్రాసితిని: "గురువర్యులకు నమస్కారములు. 2836 అని యందినది. 4526 కావలెనేమో యని సందేహము. తాము సరిచూచి సెలవిచ్చిన యెత్తునే లెక్కలోనికి తీసికొందును."

ఆఱవనాడు ప్రత్యుత్తరము. ఆశీస్సుల పంక్తి యీమాఱు లేదు. "నేను వ్రాసినది 2836. నీవు చదివినది 2836. సందేహమెక్కడ నున్నది? వ్రాతలోనికి వచ్చిన దానిని చెఱుపుటకు నేను నీకు నేర్పలేదు. నా కన్నును చూచి ఆడుచున్నావా, పలకను చూచి ఆడుచున్నావా? మూడు దినముల గడువు నీవే మీఱితివి. ఎత్తు వేయుము."

గడువు మాట నిజమే. సందేహము పంపితిని గాని యెత్తు పంపలేదు. ఆ దినముననే 3345 అని వ్రాసి స్వహస్తముతో డబ్బాలో వేసితిని. కార్డు చేతినుండి జాఱునప్పుడు చేయి వణకినదని దాచుట యెందులకు?

ఒక గుఱ్ఱము తక్కువతో ఆయన ముప్పదినాలుగవ యెత్తువఱకు నిలిచిరి. సుమారు ఏడాదిన్నర. రాజువైపు బంట్లను వరుసగా తోసికొనివచ్చి, ఇరువదియవ యెత్తు ప్రాంతమున నా మంత్రిని మూలకు తఱిమి, దాదాపు పట్టుకొనిరి. ఆ కార్డు వచ్చిన వారము నేను సరిగా భోజనము చేయలేదు. నడుమ రెండు నెలలు కార్డులు మనుమని వ్రాతలో వచ్చినవి. కారణము పిమ్మట తెలిసినది. గుఱ్ఱము పోయిన నెలకే, ఎవ్వరు చెప్పినను వినని గురువుగారు, కన్ను చూపించుకొందునని తామే యడిగి శస్త్రచికిత్సకు ఒప్పుకొనిరట.

ఇప్పుడు ఈ యాట తీరు మాఱినది. 2004 ప్రాంతమునుండి సమాఖ్యవారి పోటీలు కంప్యూటరు తెరమీదికి ఎక్కినవి. ఎత్తు క్షణములో చేరును. అందు యంత్రసాహాయ్యము నిషిద్ధము కాదు. యంత్రము తప్పుచేయదు, అందుచే పెద్ద పోటీలలో ఆటలు దాదాపుగా అన్నియు సమముగా ముగియుచున్నవి. ముఖాముఖి యాటలో మాత్రము మనవారు వెలుగుచున్నారు. మన రైలుమార్గపు చివరనున్న గుంటూరునుండి వచ్చిన పెండ్యాల హరికృష్ణ 2001లో గ్రాండ్ మాస్టరయ్యెను. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో ఆ బిరుదమునొంది, 2019లోను 2024లోను శీఘ్రచదరంగమున జగజ్జేత్రి యయ్యెను.

మా యాట ముగిసిన కార్డు 1986లో వచ్చినది. అంకెలు లేవు. "రాజును పరుండబెట్టితిని" అని మాత్రము. నేను పలకను తుడువక నాలుగు దినములుంచితిని. ఐదవనాడు మఱొక కార్డు. వ్రాత గురువుగారి స్వహస్తము. పంక్తులు గీతగీసినట్లు తిన్నగా నున్నవి. మొదట ఆశీస్సులు. క్రింద, "ఈమాఱు తెల్లకాయలు నావి. 3234."